మూడు నీళ్ళు పోసుకున్నాకే సిలోను

పోయిన గురువారం మా మనవరాలు నన్ను హాల్లో తెల్లగోడకు ఆనించి నిలబెట్టి, నవ్వొద్దని గట్టిగా చెప్పి, ఫోనుతో ఒక ఫోటో తీసింది. ఆ తర్వాత సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఇంటిపేరు ఏది, పుట్టిన తేదీ ఎంత, ఆ దేశంలో ఎన్నాళ్ళుంటారు, ఎందుకు వెళుతున్నారు అని తనే పైకి చదువుకుంటూ, సగం వాటికి నేను నోరు తెరిచేలోగానే తనే జవాబులు కొట్టుకుంటూ పోయింది. నేను కాఫీ గ్లాసు కడిగి బోర్లించి వచ్చేసరికి అంతా అయిపోయిందంది. రేపటికల్లా శ్రీలంక వీసా వచ్చేస్తుందంది గానీ, రేపటిదాకా కూడా ఆగలేదు, సాయంత్రం దీపం పెట్టే వేళకే ఫోను టింగుమంది. ఎనభై ఎనిమిదేళ్ళ ముసలమ్మ తమ దేశానికి ఏం పని మీద వస్తోందో, వెంట ఏ రోగం మోసుకొస్తోందో కూర్చోబెట్టి అడగాలని అక్కడ ఒక్కరికీ అనిపించకపోవడం నాకు, నిజం చెప్పొద్దూ, కొంచెం చిన్నతనంగా కూడా తోచింది.

ఫోటో కోసం పైట సర్దుతున్నప్పుడు నా ఎడమచేతి మీది గుండ్రటి మచ్చలు రెండూ చూసి, ఇవేమిటవ్వా అని అడిగింది మనవరాలు. మీలో నా వయసువాళ్ళెవరూ ఈ ప్రశ్న అడగరు. చెయ్యి ఒకసారి తడుముకుంటే చాలు, మచ్చ మీకూ తగులుతుంది. ఆ మచ్చ లేకపోతే ఒకప్పుడు పడవ ఎక్కనిచ్చేవారు కాదని, ఆ మచ్చ వల్లనే మా ఇంట్లో తొమ్మిది రోజులు తాళింపు వాసన లేకుండా పోయిందని చెబితే ఆ పిల్ల నమ్మలేదు. మీరైనా నమ్ముతారని రాస్తున్నాను.

ఇప్పుడు మేం వెళుతున్నది కొలంబోలో ఉన్న మా అక్క కూతుర్ని చూడడానికి. ఆమెకూ డెబ్భై దాటాయి. మూడు నెలల కిందట పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ చాలావరకు స్వాధీనంలోకి వచ్చాయి గానీ మాట ఇంకా రాలేదు. ఆమె పుట్టినప్పుడు ఆ గదిలో ఉన్నవాళ్ళలో ఇవాళ మిగిలింది నేనొక్కదాన్నే. ఆ గదిలోకి మేం సమయానికి చేరడం ఎంత పెద్ద తతంగమైందో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ఏడ్చాను.

ఆంధ్రరాష్ట్రం కొత్తగా ఏర్పడి కర్నూలు రాజధాని అయిన రోజులవి. మేం కడపలో ఉండేవాళ్ళం. మా నాయన హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టరు. జిల్లాలో తనకంటే బాగా ఇంగ్లీషు చదవగలవాడు కలెక్టరొక్కడేనని, అదీ ఆయన తీరికగా ఉన్నప్పుడేనని నాయన నమ్మకం. మా అమ్మ నా ఐదో ఏటనే పోతే, పత్తికొండ దగ్గరి పల్లె నుంచి మా జేజి, అంటే నాయన తల్లి, పొలాలు చిన్నకొడుక్కి అప్పగించి వచ్చి అక్కనూ నన్నూ సాకింది. జేజికి చదువు రాదు. అయితే మా ఊళ్ళోనూ చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలోనూ ఎవరికి నొప్పులొచ్చినా ముందు జేజికే కబురు పోయేది. బిడ్డ అడ్డం తిరిగినా, ఎదురుకాళ్ళతో వచ్చినా, కేక వెయ్యకుండా పడుకున్నా, ఆమె చేతిలో పడితే బతికి తీరుతుందని పేరు.

మా అక్కను కొలంబోలో తేయాకు కంపెనీ ఆఫీసులో పనిచేసే అబ్బాయికి ఇచ్చారు. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి కదా, అక్క ఏడో నెలలో కడపకు వస్తుందని జేజి బాలింతకు నేతిలో కలిపి పెట్టే కారంపొడి, శొంఠిపొడి అన్నీ సిద్ధం చేసుకుంటూంటే, ఐదో నెలలోనే బావ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. డాక్టరమ్మ అక్కను మంచం దిగవద్దన్నదట, రైలూ పడవా ఎక్కితే బిడ్డ దక్కదని చెప్పిందట. అంతకు ముందు ఏడాది ఒక కడుపు పోయింది కాబట్టి ఆ మాట విని మా ఇంట్లో ఎవరికీ అన్నం దిగలేదు. జేజి మాత్రం ఉత్తరం మొత్తం విని, "బిడ్డ రాలేకపోతే పుట్టిల్లే పోవల్ల. నేను పోతా. యాడుండాది ఆ సిలోను?" అంది.

ఎక్కడుందో చెప్పడం సులువు, పోవడమే కష్టం. అంతకు ముందు పదేళ్ళ కిందటైతే టికెట్టు కొనుక్కుని పోయేవారట గానీ, రెండు దేశాలకూ స్వాతంత్ర్యం వచ్చాక అది పరాయిదేశమైంది. పాస్‌పోర్టు కావాలి, దాని మీద వాళ్ళ వీసా కావాలి, అక్కడ మా ఖర్చులు తను పెట్టుకుంటానని బావ రాసిచ్చిన కాగితం కావాలి, మశూచికానికీ కలరాకూ టీకాలు వేయించుకున్నట్టు ముద్ర పడిన పుస్తకం కావాలి. మా జేజికి ఇదంతా చెప్పినప్పుడు ఆమెకు భయం వేయలేదు, కోపం వచ్చింది. తన మనవరాలి కాన్పుకు తాను పోవడానికి ఊరూపేరూ తెలియని వాళ్ళ అనుమతి ఎందుకని ఆమె నాయనను నిలదీసింది. నన్నడిగితే ఈనాటికీ అది న్యాయమైన ప్రశ్నే.

జేజికి తోడుగా నేను పోవాలని నిశ్చయమైంది. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. ఎస్సెల్సీ అయి, టైపు నేర్చుకుని, రెండు ముక్కలు ఇంగ్లీషు మాట్లాడగలనని తెగ మిడిసిపడుతున్న రోజులు. దరఖాస్తులు నేనే టైపు చేశాను. పుట్టిన తేదీ దగ్గర జేజి, "ధాత కరువు పోయిన పదేండ్లకు, కొర్రలు కోసే దినాల్లో" అని చెప్పి, ఇంకేం కావాలన్నట్టు చూసింది. పెనిమిటి పేరు చెప్పమంటే నోట చెప్పలేదు. పక్కనే కూర్చున్న కొడుక్కి తండ్రి పేరు తెలుసన్న సంగతి కూడా మరిచి, వీధిలో పోయే వాళ్ళెవరినైనా పిలిచి చెప్పించుకోమంది. ఒంటి మీది గుర్తులకు మాత్రం కొదవ లేదు. నుదుట, గడ్డం మీద, రెండు ముంజేతుల మీద పచ్చబొట్లే. ఫోటో తీసే స్టూడియోలో ఆ నల్లగుడ్డ కప్పిన పెట్టె ముందు దండం పెట్టి కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచిన ఫోటో రావడానికి మూడుసార్లు పోవలసి వచ్చింది. మూడోసారి కూడా ఫోటోగ్రాఫరు మీద కోపంతో తెరిచిందే గానీ మా మాట విని కాదు. పాస్‌పోర్టులో ఆమె చూపు చూస్తే ఏ దేశం వాడైనా దారి వదలాల్సిందే అనిపించేది.

నాయన పాత అలవాటు కొద్దీ దరఖాస్తులు మద్రాసుకు పంపారు. మీది ఇప్పుడు వేరే రాష్ట్రం, మీ రాజధానికే పంపుకోండని మూడు వారాలకు అవి మర్యాదగా తిరిగొచ్చాయి. అదే పని తన శిష్యుడెవడైనా చేసి ఉంటే బెంచీ ఎక్కించేవారు. తను చేశారు కాబట్టి, కాలం మారిందని నిట్టూర్చి నన్ను వెంటబెట్టుకుని రైలెక్కారు. కర్నూల్లో అప్పటికి ఆఫీసులకు మేడలేవి? వరసగా గుడారాలు, గుడారాల్లో బల్లలు, బల్లల మీద కాగితాలు, తుంగభద్ర వైపు నుంచి ఈడ్చికొట్టే గాలికి అవి ఎగిరిపోకుండా ప్రతి దొంతర మీదా ఒక నాపరాతి ముక్క. మా కాగితాలు తీసుకున్న గుమాస్తా పెద్దాయన జేజి ఫోటో చూసి, అచ్చం మా అమ్మలాగే ఉందమ్మా, ఆమె కూడా ఇట్లాగే ఉరిమేది అని, ఆ దొంతరలో మాది కొంచెం పైకి జరిపి రాయి పెట్టారు. అట్లా రాయి జరిపినందుకో ఏమో, పాస్‌పోర్టులు అనుకున్నదాని కంటే ముందే వచ్చాయి. మద్రాసులో సిలోను వాళ్ళ దగ్గర వీసా ముద్ర కూడా పడింది. ఫలానా తేదీలోగా ఆ దేశంలో అడుగు పెట్టాలి, ఆ తేదీ దాటితే మళ్ళీ మొదటికే. అప్పటికి అక్కకు తొమ్మిదో నెల రాబోతోంది.

ఇక మిగిలింది టీకాలు. కలరా సూదికి జేజి ఏమీ అనలేదు. మశూచికం టీకా దగ్గరే వచ్చింది చిక్కు. మా పల్లెలో టీకాల మనిషి సైకిలు దూరాన కనబడితే చాలు, తల్లులు పిల్లల్ని జొన్నపాతర్లలో దాచేవారు, మా జేజిని కూడా చిన్నప్పుడు అట్లాగే దాచారట. డెబ్భై ఏళ్ళకు దగ్గరపడినా ఆమె చేతికి టీకా సూది తగల్లేదు, అమ్మవారూ పొయ్యలేదు. మశూచికాన్ని మేం పేరుపెట్టి పిలిచేవాళ్ళం కాదు, అమ్మవారనే అనేవాళ్ళం. ఆమె సుంకులమ్మ తల్లి, ఒంటి మీదికి వస్తే మర్యాద చేసి సాగనంపాలి గాని మందూమాకూ వాడకూడదు. ఈ టీకా లేకుంటే పడవ ఎక్కనివ్వరు జేజీ అని నేను బతిమాలితే, సుంకులమ్మకు దండం పెట్టుకుని, చెయ్యి చాచింది.

టీకా వేసింది మున్సిపాలిటీలో పనిచేసే ఒక పెద్ద సాయిబు. చేతిమీద మందు చుక్క పెట్టి, కాడకు చివర పళ్ళ బిళ్ళ ఉండే సూదిని దాని మీద గుండ్రంగా తిప్పేవారు. నాకు బళ్ళో ఒకసారి వేసి ఉన్నారు గనక నాది రెండో టీకా, జేజిది మొదటిది. పచ్చ అట్ట పుస్తకాలు నింపి ముద్ర వేసి ఇస్తూ ఆయన ఏదో చెప్పబోయారు. జేజి చెయ్యి చూపించి, వేలు పైకెత్తి, "మాస్టరుసాబ్, యీ అమ్మది పహిలీ టీకా కదా, అయితే..." అన్నారు. నాయన ఆ పుస్తకం చేతిలోకి తీసుకుని, ఇందులో అన్నీ అచ్చువేసే ఉంటాయిలే సాయిబూ, నేను చదువుకుంటాను అని, చదవకుండా కోటు జేబులో పెట్టుకున్నారు.

మూడోనాడు మా ప్రయాణం. పరుపులు చుట్టి, కారప్పొడి డబ్బాకు గుడ్డ కట్టి, జట్కా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాక, జేజి చెయ్యి ఎత్తి చూసుకుంది. సూది పెట్టిన చోట ఎర్రగా పొక్కు లేస్తోంది. ఒళ్ళు కూడా కాస్త వెచ్చబడింది. ఆమె గడప దగ్గరే ఆగి, మెల్లగా వెనక్కి తిరిగి, లోపలికి పోయి నడిమింట్లో చాప పరుచుకుని కూర్చుంది. నాయన, నేను, జట్కావాడు ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

"అమ్మోరు వచ్చినాది అబ్బయ్యా. మూడు నీళ్ళు పోసుకున్నాంక గానీ నేను పొలిమేర దాటకూడదు. వేపమండలు తెప్పియ్యి" అంది.

ఇది అమ్మవారు కాదమ్మా, టీకా పట్టింది అంతే అని నాయన మొదట నవ్వుతూ చెప్పారు, తర్వాత బతిమాలారు, తర్వాత ఇంగ్లీషులో అరిచారు. ఆమె కదల్లేదు. అమ్మవారిని చేతిలోకి పిలిచింది మీరు, పొమ్మనడానికి మీరెవరు అని ఆమె వాదన. అమ్మవారు కనబడిన నాటి నుంచి ఐదోనాడు, ఏడోనాడు, తొమ్మిదోనాడు వేపాకు, పసుపు వేసి కాచిన నీళ్ళు తలమీద పోస్తేగాని ఆమె సాగిపోయినట్టు కాదు. పదోనాడే ప్రయాణం. వీసా గడువుకు ఇక పదమూడు రోజులుంది. రైళ్ళకూ పడవకూ రెండున్నర రోజులు పోతే చేతిలో ఏమీ మిగలదు. ఏ రైలు ఆలస్యమైనా, ఏ పడవ నిలిచినా అంతే సంగతులు, అక్క అక్కడ ఒంటరిగా మంచం మీద.

నాకు ఒళ్ళు మండిపోయింది. జట్కా వెళ్ళిపోయాక నడిమింట్లోకి పోయి, చదువు లేకపోతే మనుషులు ఇట్లాగే ఉంటారని, అక్కకు ఏమన్నా అయితే ఆ పాపం నీదేనని, పెద్దా చిన్నా లేకుండా జేజిని అనేశాను. ఆమె పైట కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆమె ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు.

"నాకు పోవాలని లేదనుకుంటాండావా పాపా? ఒంటి మీద అమ్మోర్ని పెట్టుకుని, కడుపుతో ఉండే పిల్ల కాడికి ఎట్ల పోతునే? మంత్రసాన్ని నేను. నా చేత్తో ఎన్ని కాన్పులు చేసినా, యాడన్నా ఇట్ల పోతినా?"

 బుద్ధి ఒప్పుకోలేదు గానీ మనసు మాత్రం ఆమె కాళ్ళ మీద పడింది. కాళ్ళు పట్టుకోవడానికి పౌరుషం అడ్డమొచ్చి, వేపమండలు తేవడానికి పెరట్లోకి పోయాను.

ఆ తొమ్మిది రోజులూ మా ఇల్లు అమ్మవారి ఇల్లయింది. గుమ్మానికి వేపాకు, పక్కమీద వేపాకు, పరాయివాళ్ళు లోపలికి రాకూడదు, ఎవరూ తల దువ్వుకోకూడదు, అన్నిటికీ మించి పొయ్యి మీద తాళింపు పెట్టకూడదు. ఆవాలు చిటపటమంటే తల్లికి కోపమట. రాగి అంబలి, మజ్జిగ, చప్పటి పప్పు, పెరుగన్నం, మళ్ళీ అంబలి. మా నాయనకు ఎండుమిరపకాయ వెల్లుల్లి తాళింపు లేనిదే ముద్ద దిగదు. నాలుగోనాటికి ఆయన బడి నుంచి వచ్చేటప్పుడు పక్కవీధి ఇళ్ళ ముందు నిదానంగా నడిచేవారు, ఆ వాసన కోసం. ఆరోనాడు ఒక శిష్యుడి ఇంట్లో వ్యాకరణం చెప్పే నెపంతో బొరుగుల ఉగ్గాని, బజ్జీలు తిని వచ్చి, మీసానికి అంటిన కారం వల్ల దొరికిపోయారు. జేజి చాపమీద నుంచే, "అమ్మోరికి కండ్లు లేవనుకున్నావా అబ్బయ్యా?" అంది. యాభై ఏళ్ళ ఇంగ్లీషు మాస్టరు చిన్నపిల్లవాడిలా లెంపలు వేసుకుంటుంటే, అంత కోపంలోనూ నాకు నవ్వాగలేదు.

తొమ్మిదోనాడు మూడో నీళ్ళు పోశాక జేజి పూర్ణం పెట్టి ఓళిగలు చేసింది. అందులో మొదటి పళ్ళెం సుంకులమ్మకు, రెండోది మాకు కాదు, టీకాల సాయిబుకు. అమ్మవారిని ఇంటికి తెచ్చినవాణ్ణి వట్టి చేతులతో పంపామని ఆమెకు బాధ. నేను ఆ పళ్ళెం, ఒక కొత్త తువ్వాలు పట్టుకుపోయి ఇస్తే, ఆ పెద్దమనిషి పళ్ళెం రెండు చేతులతో అందుకున్నారు. "ముప్పై సాల్‌లు అయిందమ్మా ఈ సూది పట్టి. తిట్లు తిన్నా, రాళ్ళు తిన్నా. ఓళిగలు ఇదే పహిలీ బార్" అని, జేజి ఎప్పుడు బయల్దేరుతోందని అడిగారు. రేపని చెబితే వేళ్ళు లెక్కపెట్టుకుని, "బహుత్ అచ్ఛా, బరాబర్ ఉండాది" అని తృప్తిగా తలాడించారు. ఏం బరాబరో నాకు అర్థం కాలేదు. తొందరలో అడగనూ లేదు.

నాయన మమ్మల్ని మద్రాసులో ధనుష్కోడి రేవుకు పోయే పడవ రైలు ఎక్కించి వెనక్కి పోయారు. మరునాడు పొద్దున మండపం క్యాంపులో దింపారు. సిలోను పోయేవాళ్ళందరినీ డాక్టర్లు అక్కడే పరీక్ష చేసేవారు. ఇసుక, ఉప్పుగాలి, పొడుగాటి రేకుల షెడ్లు, వరసలో మా ముందు కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి. వాళ్ళ పుస్తకాలు చూసి డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ఆ అబ్బాయి ఇంగ్లీషులో ఎంత వాదించినా లాభం లేకపోయింది. టీకా వేసుకుని నాలుగు రోజులే అయిందని, క్యాంపులో పద్నాలుగు రోజులు ఉండి తీరాలని చెప్పి వాళ్ళను పక్క షెడ్డుకు పంపారు. ఆ పెళ్ళికూతురు ట్రంకుపెట్టె మీద కూర్చుని ఏడవడం మొదలుపెట్టింది. 

మా వంతు వచ్చింది. డాక్టరు జేజి పుస్తకం తెరిచి, తేదీ మీద వేలు పెట్టి, వేళ్ళు లెక్కపెట్టి, జేజి చెయ్యి ఎత్తి పెచ్చు కట్టిన ఆ పొక్కును చూసి, ముద్ర వేశాడు. అంతే. నేను నమ్మలేక, మా ముందు వాళ్ళను ఎందుకు ఆపారని అడిగితే, ఆయన పుస్తకం నా వైపు తిప్పి అడుగున చీమల్లాంటి అక్షరాల వరస ఒకటి చూపించాడు. మొదటిసారి టీకా వేసుకున్నవారి విషయంలో ఈ పత్రం ఎనిమిది రోజుల తర్వాతనే చెల్లుతుందని అక్కడ ఇంగ్లీషులో అచ్చువేసి ఉంది. సాయిబు వేలు పైకెత్తి చెప్పబోయింది ఇదే. నాయన జేబులో పెట్టుకున్నదీ ఇదే. మేం అనుకున్నట్టు మూడోనాడు బయల్దేరి ఉంటే, పద్నాలుగు రోజులు ఆ రేకుల కింద కూర్చుని, వీసా గడువు దాటించుకుని, ఏడుస్తూ కడపకు తిరిగి పోయేవాళ్ళం.

చాలామంది మొదటి టీకావాళ్ళు తొందరపడి వచ్చి చిక్కుకుంటారు, ఈ పెద్దమ్మకు ఆగమని ఎవరు చెప్పారని డాక్టరు అడిగాడు. నేను దాన్ని తెలుగులో చెబితే, జేజి తలెత్తి, ఫోటోలోని ఆ చూపే చూసి, "సుంకులమ్మ" అంది. నేను ఇంగ్లీషులోకి మార్చబోయి, మార్చలేక, మా ఇంట్లో పెద్దవాళ్ళు అని చెప్పాను. అబద్ధం కూడా కాదు. పడవ ఎక్కే ముందు ఒక కార్డు కొని, ఆ చిన్న అక్షరాల వాక్యాన్ని తప్పుల్లేకుండా ఎత్తి రాసి, కింద రెండు గీతలు గీసి నాయనకు పంపాను. ఇంకేమీ రాయలేదు. ఆయన జవాబు కొలంబోకు వచ్చింది, ఒక్క వాక్యం, అదీ తెలుగులో: మీ జేజికి నా నమస్కారం చెప్పు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆయన ప్రతి తరగతికీ, ముందు చిన్న అక్షరాలు చదవండ్రా అని చెబుతూనే ఉన్నారని ఆయన శిష్యులు నాకు చెప్పారు.

పడవలో జేజి సముద్రం చూసి, ఇన్ని నీళ్ళా అని ఒక్క మాట అంది. మా పత్తికొండ పొలాల మీద ఇందులో దోసెడు పడితే చాలునని ఆమె అనుకుందని నాకు తెలుసు. అవతలి ఒడ్డున తలైమన్నారులో బల్ల వెనక కూర్చున్న అధికారి తెల్ల దుస్తుల్లో, ఎంతో మర్యాదస్తుడు. గడువుకు ఒక్కరోజే ఉందని చూసి నవ్వాడు. ఏం పని మీద వచ్చారని అడిగాడు. నేను చెప్పబోతుంటే జేజి నన్ను ఆపి, చేతులతో బిడ్డను ఎత్తుకున్నట్టు చూపించింది. ఆయనకు అర్థమైంది. ఎన్నాళ్ళుంటారని అడిగితే నేను జేజి వైపు తిరిగాను.

"బిడ్డ ఉంగా అనేదంకా ఉంటానని చెప్పు" అంది.

ఉంగా అంటే ఏమిటో నేను నానా తంటాలు పడి చెప్పాను. ఆయనకూ ఇంట్లో పసిబిడ్డ ఉన్నట్టుంది, అది మూడో నెలకు గానీ అనదుగా అని ఆయనే అని, మూడు నెలలని రాసి ముద్ర వేశాడు. అంత పెద్ద సర్కారు పుస్తకంలో మా జేజి చెప్పిన లెక్కే ఎక్కింది.

మేం చేరిన ఆరోనాడు అక్కకు నొప్పులొచ్చాయి. డాక్టరమ్మ ఉంది, నర్సు ఉంది. అయినా బిడ్డ బయటికొచ్చి కేక వెయ్యకుండా నీలంగా పడుకుంటే, పక్కన నిలబడి చూస్తున్న జేజి ఎవర్నీ అడక్కుండా చేతుల్లోకి తీసుకుని, బోర్లించి, వీపు మీద రాసి, చెవిలో గట్టిగా ఏదో అంది. ఏమందో ఈనాటికీ నాకు తెలియదు. బిడ్డ మాత్రం ఇల్లు ఎగిరిపోయేలా కేక వేసింది. నేను గోడకు ఆనుకుని ఏడ్చాను. జేజి చేతిమీద పెచ్చు ఊడిపోయి అప్పటికి ఎర్రటి మచ్చ మిగిలింది. ఆ చేత్తోనే బిడ్డకు తొలి నీళ్ళు పోసింది. మూడో నెల నిండుతుండగా ఒక పొద్దున ఆ బిడ్డ జేజి మొహం చూసి ఉంగా అంది. మరునాడే పెట్టె సర్దమంది జేజి. ఒప్పుకున్న మాట ఒప్పుకున్నట్టే ఉండాలి కదా, పైగా రాసుకున్నది పరాయి సర్కారు.

ఇప్పుడు ఆ పడవలూ లేవు, మండపం క్యాంపూ లేదు, ధనుష్కోడి ఊరే సముద్రంలో కలిసిపోయింది. మశూచికం లోకంలోనే లేదు. నా మనవరాలి చేతులు ఏ మచ్చా లేకుండా నున్నగా ఉన్నాయి. అందుకు నాకెంత సంతోషమో చెప్పలేను. ఆ కష్టాలు మళ్ళీ రావాలని కోరుకునేంత వెర్రిదాన్ని కాదు. కానీ ఒక్కటి. మన ముందు ఒక మనిషి కూర్చుని, ఎందుకు పోతున్నావమ్మా అని అడిగి, మనం చెప్పింది విని, దాన్ని బట్టి ముద్ర వేసిన రోజులవి. ఫోనులో నా మనవరాలు ఎందుకు అన్నచోట దేశం చూడడానికి అని నొక్కేసింది, ఎన్నాళ్ళు అన్నచోట ముప్పై రోజులని వేసేసింది. నన్ను అడగలేదు.

నేను చూడబోయేది ఏ దేశాన్నీ కాదు. మూడు నెలలుగా మాట రాక పడుకున్న నా అక్క బిడ్డను. అక్కడ ఏ అధికారి అయినా తలెత్తి, ఎన్నాళ్ళుంటావు ముసలమ్మా అని ఒక్కసారి అడిగితే బాగుండును. జేజి చెప్పిన జవాబే నా దగ్గర ఇంకా ఉంది: బిడ్డ ఉంగా అనేదంకా.